ఉత్సవాల్లో గెలిచిన అరబ్ సినిమాలు సొంత ఊళ్లో ఎక్కడ ఆడుతున్నాయి?

మ్యాట్నీ ప్రేక్షకుడు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. 2025లో అరబ్ దర్శకులకు పెద్ద చలనచిత్రోత్సవాలలో దక్కిన గౌరవం చూశాక చాలా రోజులుగా మనసులో ఉన్న ఒక ప్రశ్నను ఇక్కడ పెట్టాలనిపించింది. ఆ సంవత్సరం మే నెలలో కేన్స్‌లో ఇరాక్ దర్శకుడు హసన్ హాది తన మొదటి చిత్రం 'ది ప్రెసిడెంట్స్ కేక్'కు కెమెరా డోర్ (ఉత్తమ తొలి చిత్రానికి ఇచ్చే బహుమతి) అందుకున్నారు. కేన్స్‌లో ఒక ఇరాకీ చిత్రం బహుమతి గెలవడం అదే మొదటిసారి. అక్కడే ప్రధాన పోటీకి పక్కన ఉండే అన్ సర్టెన్ రిగార్డ్ విభాగంలో ఉత్తమ దర్శకత్వ బహుమతి గాజాకు చెందిన నాసర్ సోదరులకు వచ్చింది. సెప్టెంబరులో వెనిస్‌లో ట్యునీషియా దర్శకురాలు కౌథర్ బెన్ హనియా తీసిన 'ది వాయిస్ ఆఫ్ హింద్ రజబ్' గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలుచుకుంది.

అదే మే 23న అల్జీరియా దర్శకుడు మొహమ్మద్ లఖ్దర్ హమీనా కన్నుమూశారు. 1975లో కేన్స్ అత్యున్నత బహుమతి పామ్ డోర్ గెలిచిన ఆయన చిత్రం 'క్రానికల్ ఆఫ్ ది ఇయర్స్ ఆఫ్ ఫైర్'ను యాభై ఏళ్ల తర్వాత పునరుద్ధరించి కేన్స్‌లో మళ్లీ ప్రదర్శించిన రోజు కూడా అదే. ఇన్నేళ్లలో మరే అరబ్ దేశపు చిత్రానికీ ఆ బహుమతి రాలేదు. అబ్దెల్లతీఫ్ కెషీష్ ట్యునీషియాలో పుట్టినవారే అయినా 2013లో ఆయనకు పామ్ డోర్ తెచ్చింది ఫ్రెంచి చిత్రం.

మన పెద్దలు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. అరబ్ దర్శకులలో చాలామందికి ఈ వరుస తలకిందులైంది. వారు ముందు రచ్చలో గెలుస్తున్నారు, తర్వాత ఇంటికి వచ్చి తలుపు తట్టవలసి వస్తోంది. కొందరికి ఆ తలుపు తెరుచుకోవడం లేదు. దీనికి కారణం సెన్సారా, డబ్బా, థియేటర్లు లేకపోవడమా, లేక ఆ సినిమాలే బయటివారి కోసం తయారవుతున్నాయా? మీరు చూసిన చిత్రాల ఆధారంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత రీలు

మీరు చివర అడిగిన ప్రశ్న దగ్గర నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నా అనుమానమూ అదే. యూరప్ ఉత్సవాలు అరబ్ దేశాల నుంచి ఏమి కోరుకుంటున్నాయో గత ఇరవై ఏళ్ల ఎంపికలను చూస్తే తెలుస్తుంది. వాటికి యుద్ధం కావాలి, శరణార్థి శిబిరం కావాలి, ముసుగు కింద నలిగే స్త్రీ కావాలి, బాంబు కట్టుకున్న యువకుడు కావాలి. కైరో స్టూడియోలు దశాబ్దాలుగా అరబ్ ప్రపంచమంతా నవ్వుతూ, పాడుతూ చూసిన హాస్యచిత్రాలు, సంగీతచిత్రాలు తీశాయి. వాటిని తీసినవారిలో ఎంతమందిని ఈ ఉత్సవాలు పిలిచాయి? ప్రేక్షకుడు ఇంట్లో ప్రేమించే సినిమా వేరు, బయటివాడు బహుమతి ఇచ్చే సినిమా వేరు అయినప్పుడు తెలివైన యువ దర్శకుడు రెండవదాని వైపే మొగ్గుతాడు. అతన్ని నేను తప్పు పట్టను, కానీ దాని వల్ల ఒక దేశపు సినిమా తన ప్రేక్షకుడికి దూరమవుతుందని మాత్రం గట్టిగా నమ్ముతున్నాను.

ఎడిటింగ్ బల్ల

పాత రీలు గారి ఆవేదన నాకు అర్థమైంది. కానీ ఆ మాటతో మనం కూడా ఆ ఉత్సవాల ఎంపికదారులు చేసే పొరపాటే చేస్తున్నామేమో ఆలోచించండి. సినిమాను అది చెప్పే కష్టంతో కొలుస్తున్నాం, ఆ కష్టాన్ని ఎలా చెప్పిందో చూడడం లేదు. ఎడిటింగు నా వృత్తి కాబట్టి ఆ వైపు నుంచి మాట్లాడతాను.

మొరాకో దర్శకురాలు అస్మా ఎల్ ముదీర్ 2023లో కేన్స్‌కు తెచ్చిన 'ది మదర్ ఆఫ్ ఆల్ లైస్'ను తీసుకుందాం. 1981లో రొట్టె ధరల పెంపుపై కాసాబ్లాంకాలో జరిగిన నిరసనను సైన్యం అణచివేసింది. చనిపోయినవారి ఫొటోలు లేవు. దర్శకురాలి ఇంట్లోనూ ఫొటోలు లేవు, ఎందుకంటే నాయనమ్మ వాటిని నిషేధించింది. చూపించడానికి బొమ్మ లేని చరిత్రను ఎలా చూపించాలి? ఆమె తన తండ్రి చేత తమ వీధి మొత్తాన్ని బొమ్మరిల్లులా కట్టించింది. మట్టి బొమ్మలుగా ఇరుగుపొరుగువారు, చిన్న చిన్న కిటికీలు, తలుపులు తయారయ్యాయి. ఆ బొమ్మల మధ్య కుటుంబ సభ్యులను, పొరుగువారిని కూర్చోబెట్టి మాట్లాడించింది. నాయనమ్మ ఆ బొమ్మలకేసి చూసే చూపులోనే ఆ ఇంట్లో ఇన్నేళ్లూ భయం ఎలా కాపురం చేసిందో తెలిసిపోతుంది. యూరప్ జ్యూరీ కోసం దుఃఖాన్ని అందంగా చుట్టి ఇచ్చిన సినిమా కాదు అది. సాక్ష్యం లేనిచోట సాక్ష్యాన్ని చేతులతో తయారు చేసుకున్న పని. దానికి అన్ సర్టెన్ రిగార్డ్‌లో ఉత్తమ దర్శకత్వ బహుమతి వచ్చింది.

ఇంకొక విషయం చెప్పకుండా ఉండలేను. ట్యునీషియాలో ముఫీదా త్లాత్లి చాలా ఏళ్లు ఎడిటర్‌గా పనిచేశారు. అల్జీరియా చిత్రం 'ఒమర్ గత్లాతో', ట్యునీషియా చిత్రం 'హల్ఫావిన్' ఆమె బల్ల మీద రూపుదిద్దుకున్నవే. 1994లో స్వయంగా దర్శకత్వం వహించిన 'ది సైలెన్సెస్ ఆఫ్ ది ప్యాలెస్'కు కేన్స్‌లో కెమెరా డోర్ విభాగంలో ప్రత్యేక ప్రస్తావన లభించింది. రాజభవనపు వంటశాలలో పుట్టి పెరిగిన అమ్మాయిగా అందులో తొలిసారి కనిపించిన బాలిక హింద్ సబ్రీ. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత కౌథర్ బెన్ హనియా 'ఫోర్ డాటర్స్'లో, నిజ జీవితంలోని తల్లి ఓల్ఫా తానే తట్టుకోలేని సన్నివేశాలలో ఆమె స్థానంలో నిలబడిన నటి కూడా ఆ హింద్ సబ్రీయే. ఒక తరం స్త్రీలు మరో తరానికి పనిని చేతికి అందించడం అంటే ఇదే. ఉత్సవం ఇచ్చే బహుమతుల జాబితాలో ఈ దారం కనిపించదు.

లెక్కల పుస్తకం

కొన్నేళ్లు యూరప్‌లో ఒక చిన్న సహనిర్మాణ సంస్థలో ఖాతాలు చూసినవాడిని కాబట్టి డబ్బు దారి ఎలా ఉంటుందో చెప్పగలను. ఈ చర్చకు అది అవసరమని అనుకుంటున్నాను.

ఈజిప్టును మినహాయిస్తే చాలా అరబ్ దేశాలలో కేవలం టికెట్ల అమ్మకం మీద ఆధారపడి సినిమా తీసే పరిస్థితి ఎన్నడూ లేదు. అందుకని దర్శకుడు స్క్రిప్టు దశలోనే గ్రాంటుల కోసం దరఖాస్తు చేస్తాడు. రాటర్‌డామ్ ఉత్సవానికి అనుబంధంగా హ్యూబర్ట్ బాల్స్ నిధి 1988 నుంచి ఉంది, బెర్లిన్ ఉత్సవానికి వరల్డ్ సినిమా ఫండ్ ఉంది, ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థకు ప్రపంచ సినిమాల సహాయ పథకం ఉంది. బీరూట్ కేంద్రంగా అరబ్ కళల నిధి 2007 నుంచి, దోహా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2010 నుంచి సహాయం చేస్తున్నాయి, ఆ తర్వాత జెద్దాలోని రెడ్ సీ నిధి వచ్చింది. ఏ ఒక్కటీ సినిమాకు సరిపడా ఇవ్వదు. నాలుగైదు చోట్ల నుంచి ముక్కలు ముక్కలుగా తెచ్చి అతికించుకోవాలి.

దీనిలో రెండు పరిణామాలున్నాయి. మొదటిది, అరబిక్‌లో ఒక్క సంభాషణ పలకకముందే ఆ కథను ఫ్రెంచిలోనో ఇంగ్లీషులోనో రాసి ఒక కమిటీకి అర్థమయ్యేలా చెప్పాలి. ఇంటివారికి చెప్పనవసరం లేని విషయాలను అక్కడ వివరించాలి, ఆ వివరణ తెలియకుండానే స్క్రిప్టులోకి జొరబడుతుంది. రెండవది, డబ్బిచ్చిన దేశంలోనే కొంత ఖర్చు పెట్టాలన్న నియమం వల్ల శబ్ద మిశ్రమం, రంగుల సవరణ వంటి పనులు పారిస్‌లోనో బెర్లిన్‌లోనో జరుగుతాయి. ట్యునిస్‌లోనో అమ్మాన్‌లోనో ఆ నైపుణ్యం పెరగవలసినంత వేగంగా పెరగదు.

మూడవది కూడా ఉంది, మ్యాట్నీ ప్రేక్షకుడు గారి ప్రశ్నకు అదే నేరుగా జవాబు అనుకుంటాను. వెనిస్ వంటి ఉత్సవాలు పోటీకి తీసుకునే చిత్రం తొలి ప్రదర్శన తమ దగ్గరే జరగాలంటాయి. ముందు సొంత ఊరిలో చూపిస్తే ఆ అవకాశం పోతుంది. ఇంట గెలవడానికి దర్శకుడికి మనసు లేక కాదు, నియమమే ఆ వరుసను నిర్ణయించింది.

మ్యాట్నీ ప్రేక్షకుడు

లెక్కల పుస్తకం గారూ, తొలి ప్రదర్శన నియమం గురించి నేను ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. ధన్యవాదాలు.

శబరి ఎక్స్‌ప్రెస్

నేను ప్రతి డిసెంబరులో సికింద్రాబాద్ నుంచి తిరువనంతపురం వెళ్లి కేరళ అంతర్జాతీయ చలనచిత్రోత్సవం చూసే మనిషిని. అక్కడి పోటీ విభాగం ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా చిత్రాలది. 2016లో ఈజిప్టు చిత్రం 'క్లాష్', 2017లో పాలస్తీనా చిత్రం 'వాజిబ్' వరుసగా అక్కడి అగ్ర బహుమతి సువర్ణ చకోరం గెలుచుకున్నాయి. కాబట్టి రచ్చ అంటే యూరప్ ఒక్కటే కాదని ముందుగా మనవి చేస్తున్నాను.

మొహమ్మద్ దియాబ్ తీసిన 'క్లాష్' కథ మొత్తం ఒక పోలీసు వ్యానులోనే జరుగుతుంది. 2013లో కైరో వీధులలో అల్లర్ల మధ్య పట్టుబడిన సైన్యం మద్దతుదారులు, ముస్లిం బ్రదర్‌హుడ్ వారు, విలేకరులు, ఒక తల్లి, ఒక పిల్లవాడు అందరూ ఆ ఇనుప పెట్టెలో ఉంటారు. కెమెరా ఒక్కసారి కూడా వ్యాను దాటి బయటకు రాదు. ఎండకు ఇనుము కాలుతుంది, నీళ్ల సీసా చేతులు మారుతుంది, పక్కన ఉన్నవాడు శత్రువా కాదా అన్న ప్రశ్న గంటగంటకూ మారుతుంది. తిరువనంతపురం హాలులో నేల మీద కూర్చుని చూసిన విద్యార్థులు ఆ వ్యానులో తామూ ఉన్నట్టు ఊపిరి బిగబట్టారు.

ఇక ఆన్‌మరీ జాసిర్ తీసిన 'వాజిబ్' గురించి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఆ మాటకు విధి, బాధ్యత అని అర్థం. నజరెత్ పట్టణంలో కూతురి పెళ్లికి తండ్రి, ఇటలీ నుంచి వచ్చిన కొడుకు కలిసి కారులో ఇంటింటికీ తిరిగి శుభలేఖలు పంచుతారు. అంతే కథ. మన భాషలో చెప్పాలంటే పిలుపులకు వెళ్లడం. శుభలేఖను తపాలాలో పంపితే అవమానం, చేతికి ఇవ్వాలి, ఇచ్చిన ప్రతి ఇంట్లో కూర్చోవాలి, పెట్టినది తాగాలి, కొడుకు ఇంకా పెళ్లి ఎందుకు చేసుకోలేదో వినాలి. జాబితాలో ఒక పేరు దగ్గర తండ్రీకొడుకులకు గొడవ వస్తుంది. తండ్రి తన ఉద్యోగ జీవితం కోసం మంచి చేసుకోవలసిన ఒక ఇజ్రాయెలీని పిలవాలంటాడు, అతను తమపై నిఘా పెట్టిన మనిషి అని కొడుకు వాదిస్తాడు. ఉన్న ఊరిలో తల వంచి బతకడం ఎలాగో తండ్రికి తెలుసు, వెళ్లిపోయి తల ఎత్తుకుని మాట్లాడడం కొడుకుకు తెలుసు. ఆ ఇద్దరినీ తెర మీద పోషించిన మొహమ్మద్ బక్రీ, సాలెహ్ బక్రీ నిజ జీవితంలోనూ తండ్రీకొడుకులే.

పాత రీలు గారూ, ఈ సినిమాలో బాంబు లేదు, శిబిరం లేదు. నా పక్కన కూర్చున్న కేరళ పెద్దాయన విరామంలో తన కూతురి పెళ్లి పిలుపులప్పుడు మరిచిపోయిన ఒక ఇంటి గురించి నాతో చాలాసేపు మాట్లాడారు.

పాత రీలు

'వాజిబ్' నేను చూడలేదు, తప్పక చూస్తాను. నా మాటను కొంత సవరించుకుంటున్నాను. అయినా ఒకటి అడుగుతాను. లెబనాన్ దర్శకురాలు నదీన్ లబకీ 'కెపర్నమ్' 2018లో కేన్స్‌లో జ్యూరీ బహుమతి తెచ్చుకుంది. తనను కన్నందుకు తల్లిదండ్రుల మీద కేసు వేసే పిల్లవాడి కథ అది. ఆ పిల్లవాడి కన్నీళ్లను కెమెరా అంత దగ్గరగా పట్టుకోవడం పేదరికాన్ని అలంకరించడం కాదా?

ఎడిటింగ్ బల్ల

ఆ చిత్రంలో సంగీతం అవసరానికి మించి ఉందని నేనూ అంటాను. అయితే జైన్ పాత్ర పోషించిన జైన్ అల్ రఫీఆ సిరియాలోని దరా నుంచి పారిపోయి బీరూట్ వీధులలో పెరిగిన శరణార్థి బాలుడు. ఆ చూపు, ఆ తిట్టు, పసిబిడ్డను గిన్నెల బండిలో పెట్టి లాగే ఆ తీరు ఎవరూ నేర్పినవి కావు. సినిమా తర్వాత ఆ కుటుంబానికి నార్వేలో ఆశ్రయం దొరికింది. అలంకరణ అన్న మాట దర్శకురాలి కొన్ని నిర్ణయాలకు తగులుతుంది, ఆ బాలుడికి తగలదు.

దమ్మామ్ నుంచి

నేను 2009 నుంచి సౌదీ అరేబియాలో ఉద్యోగం చేస్తున్నాను, స్వస్థలం కరీంనగర్ జిల్లా. థియేటర్ అసలే లేని దేశంలో సినిమా ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాడిగా రాస్తున్నాను.

నేను వచ్చినప్పుడు ఇక్కడ సినిమా హాలు అనే మాటే లేదు. నా సౌదీ సహోద్యోగులు వారాంతంలో కుటుంబాలతో వంతెన దాటి బహ్రెయిన్ వెళ్లి సినిమా చూసి, రాత్రి తిరిగి వచ్చేవారు. అలాంటి రోజులలో హైఫా అల్ మన్సూర్ రియాద్ వీధులలో 'వజ్దా' తీశారు. 2012లో అది వెనిస్‌లో ప్రదర్శితమైంది. పూర్తిగా సౌదీలోనే చిత్రీకరించిన మొదటి కథాచిత్రం అది. పరాయి పురుషులతో కలిసి వీధిలో పనిచేసే వీలు లేక ఆమె వ్యానులో కూర్చుని, వాకీటాకీలో నటులకు సూచనలిస్తూ తీశారు. ఒక బాలిక దుకాణంలో చూసిన ఆకుపచ్చ సైకిలు కొనుక్కోవాలనుకుంటుంది, దానికి డబ్బు కోసం ఖురాన్ పఠన పోటీలో చేరుతుంది. మరుసటి ఏడాది ఆస్కార్‌కు సౌదీ పంపిన మొట్టమొదటి చిత్రం అయిందది. అయితే ఆ కథ జరిగిన ఊరిలో ఆ చిత్రాన్ని చూపడానికి హాలు లేదు.

2018 ఏప్రిల్ 18న, దశాబ్దాల తర్వాత, రియాద్‌లో మొదటి థియేటర్ తెరిచారు. 2021 డిసెంబరులో జెద్దాలో రెడ్ సీ ఉత్సవం మొదలైంది. 2024లో తౌఫీక్ అల్ జైదీ తీసిన 'నూరా' కేన్స్ అధికారిక ఎంపికలోకి వెళ్లిన తొలి సౌదీ చిత్రంగా నిలిచి ప్రత్యేక ప్రస్తావన పొందింది. ఆరేళ్లలో జరిగిన మార్పు ఇది, నాకు ఇప్పటికీ నమ్మశక్యంగా ఉండదు. డబ్బు ఇచ్చేది ప్రభుత్వమే అయినప్పుడు ఏ కథకు డబ్బు రాదో కూడా దర్శకులకు ముందే తెలిసిపోతుందన్న విమర్శ ఇక్కడి స్నేహితులు మెల్లగా చెబుతుంటారు. అది కాదనలేను. కానీ పన్నెండేళ్ల పిల్ల తన ఊరి హాలులో, తన యాసలో, తన వీధిని తెర మీద చూసే అవకాశం అంతకుముందు లేదు, ఇప్పుడు ఉంది.

బార్కస్ వాసి

హైదరాబాద్ బార్కస్‌లో ఉంటాను. మా పెద్దలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చినవారు. దమ్మామ్ నుంచి గారు యాస గురించి అన్న మాట పట్టుకుని రాస్తున్నాను.

అరబ్ సినిమా అని ఒకే మాట వాడుతున్నాం. మొరాకో యాస దారిజాలో మాట్లాడే సినిమాను కైరో ప్రేక్షకుడు సబ్‌టైటిల్స్ సహాయం లేకుండా అనుసరించడం కష్టం. ఈజిప్టు యాస మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే డెబ్బై ఎనభై ఏళ్లుగా వారి సినిమాలు అన్ని దేశాలలో ఆడాయి. యెమెన్ యాస తెర మీద వినబడడం ఎంత అరుదో చెప్పలేను. 2023లో అమ్ర్ గమాల్ తీసిన 'ది బర్డెన్డ్' బెర్లిన్ ఉత్సవానికి వెళ్లిన మొదటి యెమెన్ చిత్రం. ఏడెన్‌లో జీతాలు సరిగా రాక, కరెంటు ఉండక, ముగ్గురు పిల్లలను పోషించలేక సతమతమయ్యే దంపతులకు నాలుగో గర్భం వచ్చిందని తెలుస్తుంది. ఆ తర్వాత వారు ఎవరిని అడిగారు, ఎవరు ఏమన్నారు అన్నదే కథ. దర్శకుడు వారి మీద తీర్పు చెప్పడు. కెమెరా దూరంగా నిలబడి ఏడెన్ వీధులను, సగం కూలిన గోడలను, నీటి ట్యాంకులను చూపిస్తుంది. యుద్ధం ఎక్కడా పేలదు, కానీ సంచిలో ఎన్ని రొట్టెలు ఉన్నాయన్న లెక్కలో అది ఉంటుంది.

మా మేనత్త ఆ సినిమాలోని ఒక మాట విని, తన నానమ్మ కూడా అలాగే అనేదని ఆపించి మరోసారి పెట్టించుకుంది.

మ్యాట్నీ ప్రేక్షకుడు

సెన్సారు గురించి ఎవరూ ఇంకా వివరంగా రాయలేదు కాబట్టి కొంత నేనే రాస్తాను. 2015లో నబీల్ అయూష్ తీసిన 'మచ్ లవ్డ్' కేన్స్‌కు సమాంతరంగా జరిగే డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో ప్రదర్శితమైన కొద్ది రోజులకే మొరాకో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ప్రధాన నటి మీద దాడి జరగడంతో ఆమె దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 2017లో లెబనాన్ దర్శకుడు జియాద్ దువైరీని, 'ది ఇన్‌సల్ట్'తో వెనిస్ నుంచి బీరూట్ విమానాశ్రయంలో దిగగానే అదుపులోకి తీసుకున్నారు. కారణం ఆ సినిమా కాదు, అంతకుముందు తీసిన చిత్రం కోసం ఇజ్రాయెల్‌లో చిత్రీకరణ జరపడం. సైనిక న్యాయస్థానం విచారించి వదిలేసింది. ఆ 'ది ఇన్‌సల్ట్'నే లెబనాన్ ఆ ఏడాది ఆస్కార్‌కు పంపింది.

2021లో ఈజిప్టు దర్శకుడు ఒమర్ ఎల్ జొహైరీ 'ఫెదర్స్'కు కేన్స్ క్రిటిక్స్ వీక్‌లో ప్రధాన బహుమతి వచ్చింది. అదే చిత్రం ఈజిప్టులోని ఎల్ గౌనా ఉత్సవంలో ఆడుతున్నప్పుడు, దేశం పరువు తీస్తోందంటూ కొందరు నటులు హాలు నుంచి లేచి వెళ్లిపోయారు. ఇంటి గుట్టు రచ్చకెక్కించాడన్న ఈ నింద కొత్తది కాదు. 1958లో ఈజిప్టు దర్శకుడు యూసుఫ్ షహీన్ 'కైరో స్టేషన్'ను కైరో ప్రేక్షకులు తిరస్కరించినప్పుడూ ఇదే మాట వినబడింది.

లెక్కల పుస్తకం

పాలస్తీనా విషయంలో ప్రశ్న ఇంకా లోతుగా ఉంటుంది. ఏ దేశపు సినిమా అన్న గడిలో ఏమి రాయాలి? ఎలియా సులేమాన్ 'డివైన్ ఇంటర్వెన్షన్' 2002లో కేన్స్‌లో జ్యూరీ బహుమతి గెలిచింది. ఆస్కార్ దగ్గరకు వచ్చేసరికి పాలస్తీనా ఒక దేశమా కాదా అన్న వివాదంలో చిక్కుకుని, మరుసటి సంవత్సరమే పోటీకి అనుమతి పొందింది. 2014లో సుహా అర్రాఫ్ తన 'విల్లా తూమా'ను వెనిస్‌లో పాలస్తీనా చిత్రంగా నమోదు చేస్తే, నిధులిచ్చిన ఇజ్రాయెల్ సంస్థలు డబ్బు తిరిగి చెల్లించమన్నాయి. ఇజ్రాయెల్ పౌరసత్వం ఉండి, అక్కడ పన్నులు కట్టే పాలస్తీనా వ్యక్తి ఆ నిధికి హక్కుదారు కాదా అన్నది ఆమె ప్రశ్న. నాకు తెలిసినంతలో ఆమె ప్రశ్న న్యాయమైనది.

సులేమాన్ చిత్రంలో ఒక సన్నివేశం చెప్పి ముగిస్తాను. తనిఖీ కేంద్రం దగ్గర కారులో కూర్చున్న మనిషి అరాఫత్ ముఖం ఉన్న ఎర్ర బెలూను ఊది వదులుతాడు. దాన్ని కాల్చాలో వద్దో సైనికులు తేల్చుకునేలోపు అది తేలుతూ సరిహద్దు దాటి, జెరూసలేం ఇళ్ల మీదుగా డోమ్ ఆఫ్ ది రాక్ గుమ్మటం చేరుతుంది. మనిషి వెళ్లలేని చోటికి బెలూను వెళ్లింది. సంభాషణ ఒక్కటీ లేదు.

ఎడిటింగ్ బల్ల

'ది వాయిస్ ఆఫ్ హింద్ రజబ్' గురించి ఇంత చర్చలో ఒక్కరూ లోపలికి వెళ్లలేదు. బహుశా అందరికీ కష్టంగా ఉంది, నాకూ అంతే. సినిమా అంతా రమల్లాలోని రెడ్ క్రెసెంట్ (రెడ్‌క్రాస్ లాంటి సహాయ సంస్థ) ఫోను గదిలో జరుగుతుంది. నటులు నటులే, ఫోనులో వినబడే చిన్నారి గొంతు మాత్రం 2024 జనవరి 29న గాజాలో కాల్పులు జరిగిన కారులో, చనిపోయిన బంధువుల మధ్య నుంచి సహాయం అడిగిన ఆ పిల్ల గొంతే. అంబులెన్సు ఎనిమిది నిమిషాల దూరంలో ఉంది, దారికి అనుమతి రావాలి. దర్శకురాలు మనకు కారును చూపించదు. శబ్దపు గీత తెర మీద కదులుతుంది, వింటున్నవారి ముఖాలు కనిపిస్తాయి. ఒక పిల్ల చివరి మాటలను సినిమాలో వాడవచ్చునా అని అడిగేవారున్నారు, అడగవలసిన ప్రశ్నే. నా జవాబు ఇది: బొమ్మ వేయకుండా గొంతును మాత్రమే ఉంచడం ఆమె ఎంతో ఆలోచించి గీసుకున్న హద్దు, ఆ హద్దును ఎక్కడా దాటలేదు.

పాత రీలు

మూడు రోజులుగా ఇక్కడ రాసినవన్నీ చదివాను. 'వాజిబ్' కూడా చూశాను. ఉత్సవం కోసం తీసిన సినిమా అని నేను ఒక్క మాటలో కొట్టిపారేయడం సరికాదని ఒప్పుకుంటున్నాను. ఒక విషయం నా వంతుగా జోడిస్తాను. ఇంట గెలిచే చోటు కోసం అరబ్బులే చేసిన ప్రయత్నం ఒకటుంది. 1966లో తాహర్ షెరియా ట్యునిస్‌లో కార్తేజ్ చలనచిత్రోత్సవం ప్రారంభించారు. అరబ్, ఆఫ్రికా చిత్రాలకే పోటీ, బహుమతి పేరు బంగారు తానిత్. మొదటి ఏడాది అది సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబెన్‌కు వెళ్లింది. 1972లో పాలస్తీనా రచయిత గస్సాన్ కనఫానీ నవల ఆధారంగా ఈజిప్టు దర్శకుడు తౌఫీక్ సాలెహ్ సిరియాలో తీసిన 'ది డ్యూప్స్'కు వచ్చింది. నీటి ట్యాంకరులో దాక్కుని ఎడారి దాటి కువైట్ చేరాలనుకున్న ముగ్గురు పాలస్తీనీయుల కథ అది. గల్ఫ్‌కు పిల్లలను పంపిన మన ఊళ్లవారు ఆ సినిమా చూస్తే గుండె ఆగుతుంది.

2015 నవంబరులో కార్తేజ్ ఉత్సవం జరుగుతుండగానే ట్యునిస్ నడిబొడ్డున అధ్యక్షుడి భద్రతా సిబ్బంది బస్సు మీద బాంబు దాడి జరిగింది. రాత్రి కర్ఫ్యూ పెట్టారు. ఆటల వేళలు మార్చి ఉత్సవాన్ని కొనసాగించారు, ప్రజలు వచ్చారు. ఇంటి ప్రేక్షకుడు లేడని నేను అనుకోవడం ఎంత పొరపాటో ఆ రోజులు చెబుతాయి.

శబరి ఎక్స్‌ప్రెస్

పాత రీలు గారికి నమస్కారాలు. అలాంటి ఇంటి ప్రేక్షకుడి కోసమే నలుగురు వృద్ధులు పడిన తపన సూడాన్ డాక్యుమెంటరీ 'టాకింగ్ అబౌట్ ట్రీస్'లో ఉంది. 2019లో బెర్లిన్‌లో బహుమతులు గెలిచింది. ఒకప్పుడు విదేశాలలో సినిమా చదువుకుని వచ్చిన దర్శకులు వారు, తిరుగుబాటు తర్వాత వారి పని ఆగిపోయింది. మూతపడిన ఒక ఆరుబయలు థియేటర్‌ను ఊడ్చి, తెరకు సున్నం వేయించి, ఒక్క రోజు ఒక్క ఆట వేయాలని తిరుగుతారు. ఏ సినిమా కావాలో వీధి కుర్రాళ్లను అడిగి రాసుకుంటారు. ఒక కార్యాలయం మరో కార్యాలయానికి పంపుతుంది, చివరికి అనుమతి రాదు.

స్టేషన్ రోడ్డు

ఈ వేదికలో ఇదే నా మొదటి టపా. మీ చర్చ చదివి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మ్యాట్నీ ప్రేక్షకుడు గారు ప్రస్తావించిన 'కైరో స్టేషన్' వెతికి నిన్న రాత్రి మా నాన్నగారితో కలిసి చూశాను. ఆయన విజయవాడ జంక్షన్‌లో ముప్పై ఏళ్లు పత్రికల స్టాలులో పనిచేశారు.

యూసుఫ్ షహీన్ తానే కుంటివాడైన పత్రికల కుర్రాడు కినావీగా నటించారని సినిమా అయ్యాక చెబితే నాన్నగారు నమ్మలేదు. పత్రికలలోని బొమ్మలు కత్తిరించి గుడిసె గోడలకు అంటించుకునే ఆ కుర్రాడు, దొంగచాటుగా రైళ్లలో కూల్‌డ్రింకులు అమ్మే హనూమా మీద మనసు పడతాడు. ఆమె కాదంటుంది. పోలీసు రాగానే బకెట్టు పట్టుకుని బోగీలు దూకే ఆ పిల్లను చూసి, మా ప్లాట్‌ఫారం మీద కూడా సోడాలు అమ్మేవాళ్లు అచ్చం ఇలాగే పరుగెత్తేవారని నాన్నగారు అన్నారు.

చివరలో కినావీ పట్టాల మీద ఆమె గొంతుకు కత్తి పెట్టి పట్టుకుంటాడు. అతనికి పని ఇచ్చిన పెద్దాయన మద్బూలీ నెమ్మదిగా దగ్గరకు వస్తాడు. కోప్పడడు. నీ పెళ్లి చేస్తాను, ఇదిగో పెళ్లి బట్టలు, చేతులు ఇలా పెట్టు అని బుజ్జగిస్తూ తొడుగుతాడు. కినావీ చిన్నపిల్లవాడిలా చేతులు చాపుతాడు. అది పిచ్చివాళ్లకు వేసే చొక్కా అని వెనక్కి ముడి పడేదాకా అతనికి తెలియదు.

నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ పెద్దాయన మొహం మళ్లీ ఒకసారి చూపించమన్నారు. వెనక్కి తిప్పి పెట్టాను.